బొరుగులు తిన్న కంప్యూటరు

పోయిన వారం గోమతిని వేలూరులో నా షాపు మెట్ల మీద నిలబెట్టి కథ ఆపేశాను. తిట్టుకున్నవాళ్లు తిట్టుకోండి. నిజానికి ఆ శనివారం పొద్దున నేను ఆమెను అంతకంటే ఎక్కువసేపే నిలబెట్టాను. కంప్యూటర్లు బాగుచేసే కేశవ్ అంటే మా వీధిలో పేరున్నవాణ్ణి. అలాంటి నా దగ్గరికి గుడియాత్తం నుంచి ఒక మేస్త్రి కూతురు చెవి వెనక వడ్రంగి పెన్సిలుతో దిగి, "అన్నా, విండోస్ 95కు దానంతట అదే మిషన్ని లేపే సీడీ ఒకటి చెయ్యాల. నీ మిషను ఇయ్యి చాలు, చేసేది నేను చేసుకుంటా" అంటే నాకు ఒళ్లు మండదా?

కొత్తగా చదివేవాళ్ల కోసం సంగతి మళ్లీ చెబుతాను. గుడియాత్తంలో రంగరాజులు గారు కల్యాణమండపం కట్టిస్తున్నారు. కట్టే మేస్త్రి మునియప్ప, గోమతి నాయన. ప్లాను ఇంజనీరు తంగరాజ్‌ది. ఆయన ఆఫీసులో కంప్యూటరు మీద ఆ ప్లాను గీసింది గోమతి. ఆదివారం పొద్దున ఆరు గంటలకు కప్పుకు కాంక్రీటు పోయాలి. సైటులో ఉన్న ప్లాను కాగితం వానకు నాని ముద్దయిపోయింది. అదే వారం కరెంటు పోయి వచ్చి, పోయి వచ్చి, ఆఫీసులో కంప్యూటరు పడకేసింది. "కాయితం ఎందుకు సార్, అంతా నా తలలో ఉండాది" అని మునియప్ప ఇనప కమ్మీలు కట్టించేశాడు. మండపం మధ్యలో స్తంభం లేకుండా ఆ గోడ నుంచి ఈ గోడ దాకా పోయే పెద్ద బీముకు అడుగున ఆరు కమ్మీలు. "ఆరు కాకుంటే ఈ తూకుగుండు మళ్లీ చేత పట్టను" అని అందరి ముందూ అన్నాడు. గోడ నిలువు చూసే ఆ గుండు నలభై ఏళ్లుగా ఆయన సంచిలోనే ఉంది.

గోమతికి అనుమానం ఆ ఆరు దగ్గరే. హాలు వెడల్పు పెంచమని రాజులు గారు అడిగి, సైటులో నోటిమాట మీదే గోడలు జరిపించినప్పుడు ఆ బీమును ఆమె మళ్లీ గీసింది. ఎన్ని కమ్మీలు గీసిందో గుర్తు లేదు. కాంక్రీటు పడ్డాక లోపల ఎన్ని ఉన్నాయో ఏ దేవుడికీ కనిపించదు. కింద మాత్రం పెళ్లి భోజనాలకు ఐదువందల మంది కూర్చుంటారు. అందుకని ఆ ప్లాను కాంక్రీటుకు ముందే చూడాలని ఆమె పట్టు.

"రెండు వేల సంవత్సరం వచ్చేసిందమ్మా. ఇంకా 95 ఏంది?" అన్నాను. "98 వేసుకో, హాయిగా ఉంటాది."

"ఆ మిషనుకు 98 మోసే శక్తి లేదన్నా. ప్లాన్లు గీసే ప్రోగ్రాము కూడా 95లోనే తెరుచుకునేది."

"హార్డ్‌డిస్కు ఊడదీసి తీసుకురా, చూస్తా."

"పెట్టెకు మద్రాసు కంపెనీవాళ్ల సీలు ఉండాది. అది ఊడితే గ్యారంటీ పోతాదని తంగరాజ్ సారు తాకనీడు. కంపెనీ మనిషి వచ్చేది మంగళవారం. కాంక్రీటు రేపే."

"ఫ్లాపీ పెట్టి లేపు."

"ఫ్లాపీ దూరడం లేదన్నా. లోపలేదో అడ్డం పడిండాది."

"అన్ని తలుపులూ మూసుకుని నా దగ్గరికొచ్చినావా? 95 సీడీ ఒంటరిగా మిషన్ని లేపలేదు. ముందు ఫ్లాపీ, ఆ తర్వాతే సీడీ. ఈ మాత్రం తెలీదా నీకు?"

తెలుసన్నట్టు తల ఊపి, సంచిలోంచి పొడుగాటి నోటుబుక్కు తీసింది. కమ్మీల కొలతలు రాసుకునే పుస్తకం. దాని చివరి పేజీల్లో వరసగా కంప్యూటరుకు ఇవ్వాల్సిన ఆర్డర్లన్నీ రాసుకుంది, పక్కన అరవంలో వివరాలు. మా వైపు ఇళ్లలో మాట తెలుగు, రాత అరవం. నేనూ అంతే.

"ఫ్లాపీలో ఉండే సరుకంతా సీడీకి మొదట్లో అతికించాలన్నా. మిషను దాన్ని చూసి ఫ్లాపీ అనుకుని లేస్తాది. లేచినాక పెద్దది ఎక్కిస్తాం. మా నాయన కప్పు పోసే ముందర కింద చెక్కలు పెట్టి సెంట్రింగు కట్టడా? అట్లనే ఇది. సెంట్రింగు ఇల్లు కాదు, అయినా అది నిలబడితేనే కదా కప్పు నిలబడేది."

నేను ఈ పని మొదలుపెట్టి నాలుగేళ్లు. మద్రాసులో రెండు కోర్సులు చేశాను. ఒక్కడంటే ఒక్కడు నాకింత తేటగా చెప్పలేదు. ఆ మాట ఆమెతో అనడానికి మాత్రం నోరు రాలేదు. "సరే, కానీ. షాపులో ఖాళీ సీడీలు మూడే ఉండాయి" అని కుర్చీ వదిలి లేచాను.

మొదటి సీడీ నా మిషను మీదే పెట్టి చూశాం. నల్లటి తెర మీద తెల్లటి అక్షరాలు వచ్చాయి. మిషను లేచింది! నేను చప్పట్లు కొట్టబోయాను. గోమతి మాత్రం ముందుకు వంగి ఏదో కొట్టి చూసి, "లేచింది గానీ దీనికి సీడీ కనపడటం లేదన్నా" అంది. నిజమే. వాకిట్లో నిలబడి ఇల్లెక్కడని అడిగినట్టుంది దాని పని. చిన్న ఫ్లాపీ సరుకులో సీడీని గుర్తుపట్టే డ్రైవరు వేయడం మరిచిపోయాం. మరిచిపోయాం అని మర్యాదకు అంటున్నాను. ఆమె వేస్తానంటే "అక్కర్లేదమ్మా, అదే తెలుసుకుంటుంది" అని ఆపిందెవరో ఇంకెవరికీ చెప్పకండి.

రెండో సీడీకి డ్రైవరు వేసింది. రాయడం మొదలైంది. ఆ రోజుల్లో సీడీ రాస్తున్నంతసేపూ మిషన్ని వేలితో కూడా తాకకూడదు. తాకితే సీడీ చెడుతుంది. ఈ ముక్క షాపు గోడకు పెద్ద అక్షరాలతో రాసి అంటించిందీ నేనే. గోమతి మంచినీళ్లు తాగడానికి బయటికి వెళ్లిన రెండు నిమిషాల్లో అలవాటు కొద్దీ పేకాట తెరిచిందీ నేనే. ఆమె తిరిగొచ్చేసరికి తెర మీద ఎర్రగా తప్పు చూపిస్తోంది, దాని వెనక ఇస్పేటు రాణి.

నన్ను నాలుగు మాటలంటుందనుకున్నాను. అనాల్సిందే. నేనైతే అనేవాణ్ణి. ఆమె తెర వైపు చూసి, నా వైపు చూసి, "పరవాలేదన్నా, ఇంకొకటి ఉండాది కదా" అంది. అని, మౌసు ఎత్తి బీరువా మీద బోర్లా పెట్టి, నన్ను నా షాపులోంచే బయటికి పంపి మెట్ల మీద కూర్చోబెట్టింది. ఇరవై ఆరేళ్ల ఆ పిల్ల చెప్పినట్టే కూర్చున్నాను.

మూడో సీడీ పన్నెండింటికి తయారైంది. ఈసారి మిషను లేచింది, సీడీ కనపడింది, 95 ఎక్కించడానికి సిద్ధమన్న నీలం తెర వచ్చింది. నేను షాపుకు తాళం వేసి ఆమె వెంట గుడియాత్తం బస్సెక్కాను. ఆమె రమ్మనలేదు. ఇంతదూరం చూశాక చివర చూడకుండా ఉండటం నా వల్ల కాలేదు.

తంగరాజ్ ఆఫీసులో గోడవార బెంచీ మీద మునియప్ప మేస్త్రి కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి, సున్నం తిన్న వేళ్లు. మూడు రోజులుగా కూతురితో మాట్లాడటం లేదట. మమ్మల్ని చూసి మూడు రోజుల మాటా ఒకేసారి అన్నాడు.

"వచ్చినావా? నాయన తల మీద నమ్మకం లేక వేలూరు దాకా పోయొచ్చినావా?"

"నీ తల మీద నమ్మకం ఉండాది నాయనా. నా చెయ్యి మీదే లేదు. నేనేం గీసినానో నేను చూసుకోవాల."

"ఆరు. చెప్తా ఉండా కదా, ఆరు!"

"ఆరైతే మంచిదే నాయనా. చూసి నీ కాళ్లకు మొక్కుతా."

మేస్త్రి మొహం తిప్పుకున్నాడు. తంగరాజ్ గడియారం చూపించి, "ఏం చేసినా సీలు ఊడకూడదు. ప్లాను పోయిందంటే నీ ఉద్యోగమూ పోయినట్టే, ముందే చెప్తా ఉండా" అని తన కుర్చీలో కూర్చున్నాడు. నేను ఊరికే ఉండలేక టార్చిలైటు తీసి ఫ్లాపీ దూరే సందులోకి వేశాను. సందు అంచు మీద చీమలు బారులు తీరి ఉన్నాయి. లోపలికి వెళ్లేవి వెళ్తున్నాయి, వచ్చేవి వస్తున్నాయి.

"ఈ పెట్టెలో చీమలకేం పని?" అని పటకారు పెట్టి లాగాను. ఒక బొరుగు వచ్చింది. దాని వెనక ఇంకో బొరుగు. ఆ వెనక బెల్లం అంటుకున్న పుట్నాల పప్పు రెండు బద్దలు. ఆ తర్వాత ఎండిపోయిన చామంతి రెక్క.

అవన్నీ బల్ల మీద వరసగా పెట్టాను. తంగరాజ్ కుర్చీలోంచి లేచాడు. కోపమొస్తే ఆయనకు అరవమే. "ఎన్నయ్యా ఇదు? నా కంప్యూటర్‌లో బొరుగులా? ఎవరు పోసినారు?"

మేస్త్రి లేచి బల్ల దగ్గరికి వచ్చాడు.

"నేనే పెట్టినా సార్. ఆయుధపూజ నాడు."

"ఎందుకు!"

"తాపీకి బొట్టు పెట్టి బొరుగులు పెట్టినా. రసమట్టానికి పెట్టినా, తూకుగుండుకు పెట్టినా. నా బిడ్డ పనిముట్టు ఇదే కదా సార్? మా వంశంలో ఆడబిడ్డలు ఇసక మోసినారు, ఇటికలు మోసినారు. కుర్చీలో కూర్చోని కట్టడం గీసింది ఇదొక్కతే. తాపీకి నోరు లేదు, గుండుకు నోరు లేదు, ముందర పెడితే చాలు. దీనికి నోరుండాది. నోరు తెరుచుకోని ఉండేదానికి పెట్టకుండా ఎట్లా పోయేది?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి, దాచుకోవడానికి టార్చిలైటు ఆర్పి మళ్లీ వెలిగించాను. గోమతి దాచుకోలేదు. బల్ల మీద బొరుగుల్ని చూస్తూ నవ్వింది, కళ్ల నీళ్లు కారుతుంటే అలాగే నవ్వింది. తంగరాజ్ మాత్రం, "ఇదేమన్నా కోయిలు, గుడి అనుకుంటివా? బుద్ధుండాలి మనిషికి!" అని కేకలేశాడు.

గోమతి చటుక్కున లేచి మధ్యలో నిలబడింది. "సార్, ఆయన్ని అనొద్దండి. తప్పు నాది. మూడేండ్లుగా దీని ముందర కూర్చుంటా ఉండా, ఒక్కనాడన్నా నాయన్ని పిలిచి ఇది ఏంది, ఎట్లా పని చేస్తాదని చూపించినానా? చూపించింటే ఈ పని చేసేవాడే కాదు." నాయన చెయ్యి పట్టుకుని తెచ్చి కంప్యూటరు ముందు తన కుర్చీలో కూర్చోబెట్టింది. "చూడు నాయనా. దీని అసలు నోరు ఇది." మీట నొక్కగానే సీడీ పెట్టే పళ్లెం సర్రున బయటికొచ్చింది. మేస్త్రి ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు, ఆ తర్వాత మెల్లగా ముందుకు వంగి చూశాడు.

"దీనికి బొట్టు పెట్టకూడదా?" అన్నాడు, సీడీని వేలితో చూపిస్తూ.

నేను వద్దని అరవబోయాను. గోమతి సీడీ వచ్చిన ప్లాస్టిక్ డబ్బా ఆయన చేతిలో పెట్టింది. "ఇది దాని ఇల్లు నాయనా. ఇంటికి పెట్టు." ఆయన సంచిలోంచి కుంకుమ పొట్లం తీసి డబ్బా మీద చక్కగా బొట్టు పెట్టి కళ్లకద్దుకున్నాడు. అప్పుడు సీడీ లోపలికి వెళ్లింది.

ముందు సీడీ చూడు, ఆ తర్వాతే డిస్కు చూడు అని మిషనుకు చెప్పాలి. ఆ మాటెక్కడ చెప్పాలో నేను వెతికేలోపే ఆమె చెప్పేసింది. పళ్లెం లోపల సీడీ గిరగిర తిరిగింది. తెర నల్లగానే ఉంది. తంగరాజ్ పెదవి విరిచాడు. నా షాపు మిషను మీద లేచింది దీని మీద లేవకపోతే ఎట్లా అని, తిరుగు బస్సు ఎన్నింటికో గుర్తు తెచ్చుకున్నాను. అప్పుడు పైన ఎడమ మూల ఒక తెల్లగీత మిణుకుమంది. దాని వెనక ఒక వరస, ఇంకో వరస. ఐదురోజుల నుంచి పలకని పెట్టె పలికింది.

"లేచింది నాయనా!" అంది గోమతి.

నాలాంటివాడైతే ఇక్కడ డిస్కు మొత్తం తుడిచేసి కొత్తగా ఎక్కిస్తాడు. పది నిమిషాల పని, ప్లాను కూడా గంగలో కలుస్తుంది. మిషను అడిగిన ప్రతి ప్రశ్ననూ ఆమె పెన్సిలు కొనతో తెర మీద చూపించుకుంటూ చదివింది, పాతవాటి జోలికి పోని దారే పట్టుకుంది. తెలియని చోట నన్నడిగింది. తెలిసిన చోట నేను చెప్పినా వినలేదు. గంటన్నర సేపు కుర్చీ పక్కన నిలబడే పని చేసింది, నాయన్ని కుర్చీలోంచి లేవనీయలేదు. పనిమంతురాలు అనే మాట ఊరికే వాడుతుంటాం. నేను చూసిన పనిమంతురాలు గోమతి. ఇప్పటికీ ఇంకొకరిని చూడలేదు.

నాలుగు కావస్తుండగా 95 వచ్చింది. ప్లాన్ల ప్రోగ్రాము తెరుచుకుంది. మండపం పేరుతో రెండు ఫైళ్లున్నాయి. ఒకటి ఆగస్టుది, ఒకటి సెప్టెంబరుది. గోమతి సెప్టెంబరుది తెరిచింది. పెద్ద బీమును అడ్డంగా కోసినట్టు చూపించే బొమ్మ తెర నిండా వచ్చింది. అందులో కమ్మీలు నల్లచుక్కలుగా కనిపిస్తాయి.

మునియప్ప చదివింది మూడో తరగతి. ప్లాను చదవడంలో మాత్రం తంగరాజ్‌కే పాఠం చెప్పగలడు. కుర్చీలోంచి లేచి, తెరకు వేలు ఆనించి అడుగు వరస లెక్కపెట్టాడు.

"ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదు. ఆరు."

వేలు ఆగింది. మళ్లీ కదిలింది.

"ఏడు. ఎనిమిది."

మేస్త్రి సంచిలో చెయ్యి పెట్టి దారంతో సహా తూకుగుండు తీసి, బొరుగుల పక్కన బల్ల మీద పెట్టాడు.

"ఉండు నాయనా!" గోమతి ఆగస్టు ఫైలు కూడా తెరిచింది. అందులో చుక్కలు ఆరే. "ఈ తేదీ చూడు. నీ దగ్గరుండిన కాయితం ఆగస్టుది. అందులో ఆరే. నువ్వు మరిచిపోలేదు. సెప్టెంబరుది నేను గీసి, ప్రింటు తీసి, సారు చేతికిచ్చినా."

ముగ్గురం తంగరాజ్ వైపు తిరిగాం. ఇందాకటి నుంచి కేకలేసిన మనిషి ఆ తేదీని చూస్తూ నిలబడిపోయాడు. "ఆమా, అవును... నువ్వు ఇచ్చినావు" అన్నాడు, నుదురు తుడుచుకుంటూ. "రెండు కమ్మీలు పెంచమన్నది నేనే, మరిచే పోతిని. కాయితం యాడ పెట్టినానో. సైటుకు పంపనే లేదు."

"విన్నావా నాయనా? నీ గుర్తు తప్పలేదు. గుండు తీసుకో" అంది గోమతి.

మేస్త్రి తీసుకోలేదు. "నా గుర్తు తప్పలేదు, సరే. ఎవరిది తప్పని కప్పు అడగతాదా అమ్మా? రేపు అది కుంగితే కింద కూర్చోనుండేవాళ్లు అడగతారా?" అని, కూతురి తల మీద చెయ్యి పెట్టాడు. "నువ్వు అనుమానపడింది మంచిదైపాయ. నేను కోపం చేసుకున్నది తప్పు. పా, ఇంకా రేపు పొద్దున దాకా టైముండాది. రెండు కమ్మీలు దూర్చి కట్టేస్తాం."

ఆ మాటతో నా గుండె తేలికపడింది. అప్పుడే బల్ల మీద ఫోను మోగింది. తంగరాజ్ ఎత్తి విని, రంగు మారిన మొహంతో మేస్త్రికి అందించాడు. అవతల మండపం ఎదురుగా ఉన్న టీకొట్టు నుంచి బాలాజి. మేస్త్రికి తమ్ముడి కొడుకు, ఆయన కిందే పని చేస్తాడు. వాడి గొంతు నాకు కూడా వినబడేంత గట్టిగా ఉంది.

"పెదనాయనా, యాడుండావు? మబ్బు పట్టిండాది. రేపు వాన పడతాదని రాజులయ్య ఇప్పుడే మిషను తిప్పమన్నాడు. కాంక్రీటు మొదలుపెట్టేసినాం!"

"యాడ నుంచి పోస్తా ఉండారు?"

"పెద్ద బీము కాడ నుంచి."

"ఆపరా! ఆపమని చెప్పు!"

"నా మాట యాడ వింటాడు పెదనాయనా? నువ్వొస్తేనే. ఉండు, ఇంకోసారి పోయి చెప్పి చూస్తా." రిసీవరు పక్కన పెట్టిన శబ్దం, పరుగెత్తిన శబ్దం.

"బిగిసే దానికి గంట పడతాది. అంతకుముందే అయితే తోడి పారేయొచ్చు" అన్నాడు తంగరాజ్, ఎవరితోనో తెలియకుండా. గోమతి అప్పటికే బల్ల మీద నుంచి తంగరాజ్ మోటారుబండి తాళాలు తీసుకుని గుమ్మం దాటింది. మేస్త్రి ఆమె వెనక పరుగెత్తాడు. ఆమె ఒక్క అడుగు వెనక్కి వచ్చి, బల్ల మీది తూకుగుండు తీసి నాయన చేతిలో కుక్కి, మళ్లీ పరుగెత్తింది. కిటికీలోంచి చూశాను. కూతురు బండి నడుపుతోంది, నాయన వెనక కూర్చుని గుండును ఎదకు అదిమి పట్టుకున్నాడు. మండపం ఏటికి అవతలి గట్టున ఉంది. శనివారం సంత జనంలో వాళ్లు కనపడకుండా పోయారు.

వేలాడుతున్న రిసీవరు తీసి చెవికి పెట్టుకున్నాను. అవతల బాలాజి లేడు. దూరంగా ఎవరో అరుస్తున్నారు, తట్టలు చేతులు మారే చప్పుడు వస్తోంది, వాటన్నిటి వెనక కాంక్రీటు మిషను గరగరా తిరుగుతోంది. అది ఆగితే వాళ్లు చేరినట్టు. ఆ శబ్దం ఆగాలని వింటూ నిలబడ్డాను. కిటికీ రేకు మీద మొదటి చినుకు పడింది. మిషను తిరుగుతూనే ఉంది.